అల్లం లెక్క

పొట్టంగిలో టీ తాగుదామన్నాను.
సాలూరులో తాగుదాం, ఇంక దిగుడే కదా అన్నాడు మా ఆయన.

దిగుడే.

సుంకి ఘాటు మూడో వంపులో
బ్రేకు పెడలు పాలలో నానిన రొట్టెలా
మెత్తగా లోపలికి పోయింది, తిరిగి రాలేదు.
"పడలేదే" అన్నాడు.
దేవుణ్ణి పిలవలేదు, నన్నూ పిలవలేదు.
మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తొక్కాడు,
హ్యాండు బ్రేకు లాగితే కాలిన రబ్బరు వాసన.
వెనక సీట్లో సాలూరు పెళ్ళివారి జాకెట్లు ముప్పై ఆరు,
రాత్రంతా హుక్కులు కుట్టినవి,
ఒక్కొక్కటే జారి కింద పడుతున్నాయి.

ఎడమ పక్క కొండ. కుడి పక్క ఏమీ లేదు.
కొండ వారన తూకానికి పేర్చిన అల్లం బస్తాలు.
అటు తిప్పాడు.

నాలుగు బస్తాలు పగిలాయి.
మేం పగల్లేదు.

బస్తాల మనిషి గుర్బారి ముదులి
ముందు మా తలలు తడిమి చూసింది, నెత్తురు లేదనుకుంది,
ఆ తరవాత తిట్టింది.
తిట్టి, చతికిలబడి ఏరడం మొదలెట్టింది.
నలిగింది ఇటు, నలగంది అటు.
నలిగింది పందొమ్మిది కిలోలు, కిలో నలభై.
చిరిగిన గోనెలు నాలుగు, ఒక్కోటి పదిహేను.
వెరసి ఎనిమిదొందల ఇరవై.
నలగనిదానికి పైసా అడగలేదు.
నా కొలతల పుస్తకంలో రాసి, లెక్క చూపించి, చేతిలో పెట్టాం.
ఆ ఏడాది మొత్తంలో
ఫిర్యాదు చేసిన పూటే న్యాయం జరిగింది
ఆవిడొక్కదానికే.
అదీ మా మీద.

మా ఫిర్యాదు జయపురం షోరూముకి వెళ్ళింది.
రథ్ బాబు కారు ఎక్కి గోదాము దాకా పోయి వచ్చాడు.
ఆ రోడ్డు మీద గోళీ పెట్టినా దొర్లదు.
"రోడ్ టెస్ట్ చేశాం, లోపం లేదు" అని రాశాడు.
"బాబూ, ఘాటులో దిగితే గదా" అన్నాను.
"మీ ఒక్కరికే అమ్మా ఇలా."

పక్క కుర్చీలో కోట్‌పాడ్ మాస్టారు,
పిల్లల్ని బడి దగ్గర దింపుతుంటే ఆగక గోడకి ఆనించినాయన.
ఆ పక్కన బొరిగుమ్మ విత్తనాల కొట్టాయన,
మొదటి వానకే పెడలు నేల తాకినాయన.
ఇద్దరికీ అదే మాట చెప్పారట.
ఒకే ఫ్యాను కింద, ఒకే బల్ల మీద
ముగ్గురం కూర్చున్నాం,
ముగ్గురం 'ఒక్కరే'.

ఫారం ఒడియాలో ఉంది. నాకు మాటొచ్చు, రాతరాదు.
తెలుగులో రాసిచ్చాను.
గుమాస్తా కాగితం అటు తిప్పి ఇటు తిప్పి నవ్వాడు.
ఏటి నవ్వుతావు నాయనా,
మీ అక్షరాలూ గుండ్రమే, మావీ గుండ్రమే,
అన్నీ చక్రాలే.
ఒక్కటైనా ఆగిందా?

నా మిషనుకీ పెడలుంది.
ఇరవై రెండేళ్ళుగా తొక్కుతున్నాను.
సూది వేలి మీదికొస్తుంటే
చక్రం మీద అరచెయ్యి వేస్తాను, ఆగుతుంది.
దానికి నేను సంతకం చేసిన కాగితం ఏదీ లేదు.

ఏడో సారి వెళ్తే కారు కడిగి ఇచ్చారు.
ఉచితం, అని నొక్కి చెప్పారు.
సీటు కింద ఇరుక్కున్న ముక్కలన్నీ తీసేశారు కాబోలు
అల్లం వాసన పోయింది.
అదొక్కటే మా సాక్ష్యం.

మొన్న బస్సులో సాలూరు వెళ్ళాను.
మూడో వంపు దగ్గర నా కాలు దానంతటదే నేలని నొక్కింది.
గుర్బారి కనిపించింది.
బస్తాలు పది అడుగులు లోపలికి, బండ వెనక్కి మార్చేసింది.
ఎవరూ చెప్పకుండానే
మా సంగతి విని పని చేసింది.

మంచిదే.
కానీ అవి ఉండిన చోట
ఇప్పుడు ఉత్త రాయి ఉంది.
బస్సు దిగేదాకా
నా చూపు ఆ రాయి మీదే.