పేలని గుంత

యర్రగుంట్ల క్వారీలో
ముప్పై ఏండ్లు మందు కూరినోణ్ణి.
ఈల ఊదితే ఎవడైనా పక్కకు పోవాల్సిందే,
వత్తి ముట్టిస్తే రాయి లేవాల్సిందే.

కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ
కాగితం మీద గుండ్రంగా గీసింది:
"కణంలో సున్నపు కుండ ఉంటుంది, దస్తగిరీ.
కాలం తీరినాక అది పొంగి
పొయ్యిలో పడుతుంది,
కణం తనంతట తాను కూలుతుంది.
నీ ప్రోస్టేటు గడ్డలోవి
కుండను సగానికే ఉంచుకున్నాయి.
పొంగదు. చావవు."

అర్థమైంది నాకు.
ఏడు గుంతలు పేలి
ఎనిమిదోది పలకకుంటే
అరగంట దాకా దగ్గరికి పోము.
ఓబన్న పోయినాడు, పావుగంటకే.

తమలపాకుకు సున్నం పూస్తా ఉంటే
వేలు ఆగిపోయింది.
కొండలకొద్దీ సున్నపురాయి లేపినోణ్ణి,
లోపల
చిటికెడు తక్కువబడిందంట.