తొట్టి పక్కన పెట్టిన లెన్సు

ఉరవకొండ నుంచి మొదటి బస్సుకే వచ్చింది హంపమ్మ,
చెంగులో మూటగట్టిన పాత రష్యా లెన్సు.
"బూజు పట్టిందంట, చూడన్నా."

బూజు!
శెనక్కట్టె కూడా కుళ్లకుండా ఎండిపోయే సీమలో,
ఊరగాయ జాడీకే పట్టని బూజు
గాజు నడుమ ఎట్లా పుట్టింది?

పాతూరులో నా బల్ల కాడికొచ్చేదంతా దుమ్మే.
దుమ్ముకు నేను భయపడను.
నాలుగు నలుసులుంటే బొమ్మకేం కాదు.
అనంతపురంలో దుమ్ము లేని లెన్సు కావాలంటే
డబ్బాలోంచి తీయకుండా పూజించుకోవాల.
బూజు వేరు. అది తింటాది.

రబ్బరు మూత అదిమి ముందు చుట్టు తిప్పినా.
మూడు మరలు. ఒకటి తుప్పుకు తల పోగొట్టుకుంది,
దానికే గంట.
రెండో పలక తీసి వెలుగుకు పడితే
పెన్నేరు.
పక్కనొచ్చి కలిసే చిత్రావతి,
పేర్లు లేని వంకలు, వాటి పిల్ల వంకలు,
తెల్లగా, సన్నగా,
నీళ్లు లేని ఏర్లన్నీ గోరంత గాజు మీద.

"యాడ పెడ్తివమ్మా దీన్ని?"
"ఎండకు గ్రీజు కారుతాదని చెప్పినాడు కదన్నా,
నాకు పని నేర్పిన ఆయప్ప.
ఇంట్లో సల్లగా ఉండేది ఒగటే జాగా,
నీళ్ల తొట్టి పక్క."

ట్యాంకరు ఎనిమిది దినాలకొకసారి.
చెంబు చెంబు లెక్కబెట్టుకునే నీళ్లు.
మూత సందులోంచి ఊపిరంత ఆవిరి,
అంతే చాలింది దీనికి.
పద్నాలుగేండ్లు బ్యాంకు లోను ఫోటోలు తీసిన లెన్సు,
రైతునీ, ఎనుమునీ, ఎనుము చెవి బిళ్ల మీది నెంబరునీ
ఒక్క చూపులో పట్టింది,
చీకట్లో ఆ ఆవిరి తాగుతా కూర్చుంది.

పెరాక్సైడు, అమ్మోనియా, సమానంగా.
దూది పుల్ల. నడిమి నుంచి అంచుకు, ఒకే చుట్టు.
వంకలు పోయినాయి. చిత్రావతి పోయింది.
పెన్నేరు పోలేదు.
పూత తినేసి గాజును గీరిన జాడ,
ఎంత తుడిచినా అది అదే.

ఆమె సెల్లు టార్చి వేసి చూసింది. మొగం వాడింది.
"టార్చి ఆర్పు తల్లీ.
అట్లా ఎతికితే కొత్తదాంట్లో కూడా ఏదో ఒకటి ఉంటాది.
బొమ్మ తీసి చూడు."

తీసింది. నా బల్ల, దూది పుల్లలు, నా ఎడమ చెయ్యి.
గోరు కింది గ్రీజు దాకా తేటగా వచ్చింది.
పొద్దు ఎదురుగా ఉంటే మాత్రం కొంచెం తెల్లబారతాదని
దాచకుండా చెప్పినా.
వారానికొకసారి గంటసేపు ఎండ చూపించమని,
ఎండకు చస్తాదని కూడా.

నవ్వింది.
"ఎండ సాలదని మా ఊర్లో ఇంతవరకు ఎవురూ అనలేదన్నా!"

మూడు నూర్లు అడిగితే రెండున్నర ఇచ్చి
బస్సుకు పరిగెత్తింది.
బల్ల మీద బూజు తుడిచిన దూది
ఇంకా తడిగా ఉంది.
ఫ్యాను కింద అది ఆరేదాకా
ఇంకో పని ముట్టుకోలేదు నేను.