మూత కింద

తెలావిలో, బస్టాండు వెనక, రొట్టెల భట్టీ పక్క గదిలో
పాడైన కంప్యూటర్లు బాగుచేస్తాను.
భట్టీ పుణ్యమా అని నా గోడ ఎప్పుడూ గోరువెచ్చన.
నవంబరులో నాకు మిగిలే లాభం అదొక్కటే.

నాకు భూగోళం చెప్పిన మ్జెకాలా టీచరు
కంప్యూటరును శాలువాలో చుట్టి
గుడ్లబుట్ట దించినట్టు నా బల్ల మీద దించింది.
"నిరుటి శరత్తు పోయింది బద్రీ" అంది.

తొమ్మిదేళ్లుగా ఒకే తోటలో
నలభై ఒక్క తీగలకు, చిగురు నుంచి రాలేదాకా,
ఆకాకుకూ ఫొటో తీస్తోంది.
ఆ ద్రాక్ష పేరు చెప్పగలిగినవాళ్లు
ఇప్పుడు ఒక్క బల్ల చుట్టూ సరిపోతారు.

"పొరపాటున చెరిపేశారా టీచర్?"
మొదట అడిగింది అదే. ఇప్పటికీ సిగ్గు.
ఆమె తన వేళ్ల వంక చూసుకుంది,
అవి తనకు తెలియకుండా ఏమైనా చేశాయా అని.

చుక్కతో మొదలయ్యే దాగుడు పేర్లన్నీ పిలిచాను.
డిస్కు పొట్ట తట్టి చూశాను, రోగం లేదు.
తప్పిపోయినవి చేరే గదిలోకి తొంగిచూశాను,
అక్కడ బూజు కూడా లేదు.
రెండో రోజు, చెరిగిన అక్షరాల బూడిద ఊదే పరికరం పెట్టాను.
రాత్రంతా ఊది, ఎవరివో పాత లెక్కల కాగితాలు ఇచ్చింది.

మూడో రోజు లెక్క తప్పింది.
ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తూచి కూడితే ముప్పై ఎనిమిది.
డిస్కునే అడిగితే: నిండిపోయాను, తొంభై ఒకటి.
నడుమ యాభై మూడు గిగాబైట్ల బరువు,
ఎవరూ కూర్చోని కుర్చీ కిర్రుమన్నట్టు.
నిండు కుండ తొణకదంటారే,
ఇదీ తొణకలేదు.

భట్టీ ఆర్చిల్ వేడి రొట్టె తెచ్చి
తన నేలమాళిగ సంగతి చెబుతున్నాడు:
భూమిలో పాతిన ద్రాక్షసారా కుండ,
దాని మీద రాతి మూత, మూత మీద మట్టి,
ఆ మట్టి మీద నిలబడి కొత్త అల్లుడు
"కుండ ఎక్కడ?" అన్నాడట.

రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

ఆకుల ఫోల్డరు ఒక గుమ్మం.
రెండో డిస్కు వచ్చి ఆ గుమ్మంలో కూర్చుంటుంది.
అది రాని రోజు గుమ్మం ఖాళీ గదిలోకి తెరుచుకుంటుంది.
ఆ గదిలో పెట్టినవాటి మీదే
మర్నాడు డిస్కు వచ్చి, ఏమీ ఎరగనట్టు, చతికిలబడుతుంది.

అన్‌మౌంట్ అన్నాను. కదలనంది, పనిలో ఉన్నానంది.
చూస్తే, టీచరు పక్క కిటికీలో
ఐదేళ్ల కిందటి ఆకు ఒకటి తెరిచి, దానితో కూర్చుంది.
"కాస్త మూస్తారా?"
మూసింది, పుస్తకంలో గుర్తు పెట్టేంత నిదానంగా.

మూత లేచింది.

నిరుటి శరత్తు, తేదీల వారీగా, ఎరుపెక్కుతూ.
మొదటి ఫొటోలో ఆకు లేదు, ఆమె బొటనవేలే ఉంది.
"ఇది కూడా ఉంచు" అంది.

"అప్పుడు ఫోల్డరు ఖాళీగా కనబడింది.
నువ్వే తుడిచి, కొత్త పలక ఇచ్చావనుకున్నాను."

నేను తుడవలేదు. అంతకంటే పెద్ద పని చేశాను.
డిస్కులను లేపే పట్టీలో, నా చేత్తోనే
రాసిపెట్టాను ఒక చిన్న మాట: నోఫెయిల్.
డిస్కు రాకపోయినా గొడవ చెయ్యకు,
అంతా బాగున్నట్టే పొద్దు మొదలుపెట్టు, అని.
వదులైన తీగొకటి ఆ శరత్తంతా వేలాడింది.
వసంతంలో దుమ్ము దులుపుతూ నేనే దాన్ని బిగించాను,
మూత నేనే పెట్టాను.

చెప్పాను. దాచలేదు.
ఆ మాటను ఆమె రెండుసార్లు పైకి చదివింది.
"ఏడో తరగతిలో నిన్ను ఫెయిల్ చేశాను, గుర్తుందా?"
"ఉంది టీచర్."
"పిలిచి, మొహం మీద చెప్పి చేశాను."

ఆ మాట చెరిపేశాను.
ఇకమీద డిస్కు రాని పొద్దున
ఈ యంత్రం లేవదు, నల్లతెర మీద అరుస్తుంది.
ఆమె నడిరాత్రి నాకు ఫోన్ చేస్తుంది.

చెయ్యనీ.