పదిహేడో గీత

కుండ కొనేముందు వేలి కణుపుతో తట్టి చూస్తాం.
ఖంగుమంటే ఇంటికి, బొదబొదమంటే పక్కకి.
మేం సముద్రాన్ని తట్టాం.

న్యూపోర్ట్ రేవు దాటి ఎనభై కిలోమీటర్లు.
ఇరవై సెకన్లకోసారి ఓడ వెనక గాలి తుపాకి పేలుతుంది,
కాళ్ళ కింద ఇనుము దగ్గుతుంది,
కాఫీలో ఉంగరాలు లేస్తాయి.
నీళ్ళలోకి దిగిన చప్పుడు
బురదను దాటి, రాతిని తాకి,
సగం అక్కడే పారేసుకుని తిరిగొస్తుంది.
పన్నెండు కిలోమీటర్ల కేబులు
దాని కోసం చెవులన్నీ ఒగ్గి ఈదుతుంటుంది.

నాది అర్ధరాత్రి డ్యూటీ.
పక్క కుర్చీలో లిండ్‌క్విస్ట్,
పొద్దుతిరుగుడు గింజలు, పొట్టు దాచుకునే డబ్బా.
తెర మీద పొరలు దిగుతుంటాయి
తాండ్ర ముక్క కోసినప్పటి పొరలు.
ఎవరో కత్తి వంకరగా తిప్పినట్టు
ఒకచోట తెగి, అటు సగం కిందికి జారి ఉంటుంది.
"అదిగో," అంటాడు లిండ్‌క్విస్ట్
ఎదురింటాయన బస్సు దిగాడన్నట్టు.

గురువారం, పదిహేడో గీత, తెల్లవారుజాము.
డెక్ మీంచి కెచమ్ రేడియోలో అరిచింది:
తిమింగలం. పక్కనే పిల్ల.
తుపాకులు ఆగాయి.
పద్దెనిమిది రోజుల తర్వాత మొదటిసారి
ఫ్రిజ్ శబ్దం వినిపించింది.
ఓడ మాత్రం ఆగకూడదు, ఆగితే కేబులు మునుగుతుంది.
నలభై ఒక్క నిమిషాలు, అయిదు కిలోమీటర్లు,
తెర మీద తెల్లటి చార.
ఇటునుంచి పగులు అందులోకి వెళ్ళింది.
అటునుంచి బయటికొచ్చింది.
లోపల ఏం చేసిందో ఎవరికీ తెలీదు.
వెనక్కి తిరగడానికి డీజిలు లేదు.

అక్టోబరులో, ఊరి లైబ్రరీలో, గోడకి మ్యాపు.
పీతల పడవ హాగెన్ లేచి అడిగాడు:
"గీత అక్కడ చుక్కలైందేం?"
అక్కడ వినలేదండీ, తిమింగలం పోతోంది.
కాసేపు ఆలోచించి,
"నేనూ ఆగుతాను," అని కూర్చున్నాడు.

తర్వాత బడి వంటామె, ఆర్లీన్ అనుకుంటాను.
కొండెక్కడానికి పిల్లలకి ఎంత టైముంటుంది?
ఊగడం ఆగాక పదిహేను నిమిషాలు, అటూ ఇటూగా, అన్నాను.
ఆమె చేతిసంచీలోంచి చీటీ తీసింది.
"నాలుగో తరగతి పద్దెనిమిది.
చక్రాల కుర్చీ అబ్బాయితో ఇరవై రెండు.
వాన లేని రోజు."

నా దగ్గర లేజర్ లైటుంది.
దాని ఎర్రచుక్క మ్యాపు మీద వణికింది, ఆపేశాను.
కొత్త బడి ఎక్కడ కట్టకూడదో నా గీతలు చెప్తాయి,
ఆ చుక్కలు తప్ప.
పాత బడికి ఒక్క నిమిషం కూడా ఇవ్వవు.

మర్నాడు బడి గేటు దగ్గర నిలబడి గడియారం నొక్కాను.
వలలు ఆరేసిన వీధి, పీతలమ్మే కొట్టు, ఇనప మెట్లు.
సగం మెట్ల మీద రొప్పుతూ రెయిలింగు పట్టుకున్నాను.
కణుపుతో ఒకసారి తట్టాను, అలవాటు కొద్దీ.
పైకి చేరేసరికి పంతొమ్మిది.
నాకు ముప్ఫై నాలుగేళ్ళు. చేతిలో ఎవరూ లేరు.