కింది మూల

పర్లాకిమిడిలో నేను రాయని బోర్డు లేదని
పాతపట్నం బస్సులో పక్కవాడికి
అడక్కుండానే చెప్పేవాణ్ణి.
గురువులు బట్టల కొట్టు,
కొమ్ముబొమ్మల సంఘం, పళ్ళ డాక్టరు.
పైన ఒడియా, కింద తెలుగు,
రెండింటికీ ఒకటే చెయ్యి.

పేర్లు వాళ్ళవి.
కింది మూల మాత్రం నాది.
కొట్టు పేరుకి ఒక పూట పట్టేది,
‘దండాసి’ అన్న మూడక్షరాలకి రెండు పూటలు.
సున్నాలో ఎర్ర చుక్క పెట్టి
‘సి’ మీద గుడిని సాగదీసి సాగదీసి
పిట్టని చేసి ఎగరేసేవాణ్ణి.
"బోర్డు నాదా, నీదా?" అని గురువులు గొణిగేవాడు.
నవ్వేవాణ్ణి.
జవాబు నవ్వు వెనకాల ఉండేది.
"కూడెట్టని పిట్టకి అంత తోకెందుకురా" అనేది మా అమ్మ,
కిరసనాయిలుతో నా వేళ్ళు తోముతూ.

మహేంద్రతనయ పొంగి బజార్లో పడ్డ ఏడు
అందరూ బియ్యం బస్తాలు మోస్తుంటే
నడుంలోతు నీళ్ళలో కొట్టుకొట్టుకీ వెళ్ళి
నా మూల తడిసిందేమో చూసొచ్చాను.
ఊరు దాన్ని ధైర్యం అంది.
నేను కాదనలేదు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది.
రాత్రి చెబితే తెల్లారేసరికి
గురువులు మనవడు పళ్ళన్నీ బయటపెట్టి
వీధికి అడ్డంగా వేలాడుతున్నాడు.
మూల ఉన్నచోట ఫోన్ నంబరు.

సాయంత్రాలు నడుస్తున్నాను.
డాక్టరు చెప్పాడంటాను గానీ
వెతుకుతున్నది నన్నే.
ఒక రేకు కోళ్ళగూటికి తలుపైంది.
ఒకటి ఇటుకబట్టీ దగ్గర
ఎవరో ఆడవాళ్ళ స్నానాలకి చాటు,
అక్కడ మాత్రం ఆగకుండా వచ్చేశాను.

నిన్న గేదెల పాక మీద దొరికింది,
తలకిందులుగా.
పేడతట్టతో ఒక పిల్ల ఆగింది, ఒడియా బడి పిల్ల.
"అదేటి తాతా, నత్తా?"
"పిట్ట" అన్నాను.
మెడ వంచి, తట్ట పడకుండా పట్టుకుని, మళ్ళీ చూసి
"నత్తే" అని వెళ్ళిపోయింది.

ఎవరూ లేరు కదా అని బండ ఎక్కాను.
వేలికి ఉమ్మి తడి చేసి తుడిచాను,
కాస్త మెరుస్తుందని.
తుప్పు పెళ్ళగా లేచింది.
‘సి’ ఊడిపోయింది, పిట్టతో సహా.
‘డా’ దీర్ఘాన్ని ఎప్పుడో వానలు తినేశాయి.
మిగిలింది ‘దండ’.
పూలదే అనుకోవచ్చు.
కానీ పక్కన సరిగ్గా
ఒక్క ‘గ’ పట్టేంత చోటుంది.

ఉడతతోక బ్రష్షు
ఇంటికొచ్చి నానబెట్టాను,
ఎందుకో.