రేకుల షెడ్డులో తొమ్మిదో పాట

టాస్మానియా దక్షిణాన, సిగ్నెట్‌లో
ఒకప్పుడు ఆపిల్ పండ్లు పెట్టెలకెక్కించిన షెడ్డు.
ఇప్పుడక్కడ నేను గొంతులు ఎక్కించుకుంటాను.
పైన రేకులు. వాన పెద్దదైతే రికార్డింగ్ బందు.
మంగళవారం నుంచీ పడుతూ, ఆగుతూ,
మా ఓపిక లెక్కపెడుతోంది.

రోవెనా ట్రెలోర్ రెండేళ్లు తిరిగి వచ్చింది.
ఒక గిటారు, చక్రం ఊడిన పెట్టె,
బస్సు టిక్కెట్ల వెనక రాసుకున్న పాటలు.
త్రియెస్తె. త్బిలిసి. వల్పరైసో.
ఆ పేర్లు పలికినప్పుడల్లా
రేగుగింజని బుగ్గలో అటూ ఇటూ దొర్లిస్తుంది.

డ్రమ్ముల ముందు క్లైవ్. డెబ్బయ్యొకటి.
ఎడమ మోకాలు మొరాయించింది,
చేతులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.
బ్రష్షులు ఆడిస్తుంటే
చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు,
రాళ్లు ఇటు, ఊక గాలికి.
డబుల్ బాస్ మీద తామ్సిన్
ఒక్కో స్వరం వేసి ఆగుతుంది,
చీకట్లో ఇంకో మెట్టుందో లేదో
కాలితో తడుముకున్నట్టు.

మూడో పాటలో రోవెనా గాంధారం దగ్గర జారింది.
అంతరమూ కాదు, సాధారణమూ కాదు,
రెంటి మధ్య ఓ సందు.
అక్కడేదో గది బాడుగకి దొరికినట్టు
పెట్టె దించి, బూట్లు విప్పి, కూర్చుంది.
శ్రుతి తప్పిందనబోయి నోరు మూసుకున్నాను.
చిన్నప్పుడు ఆ సందులో అడుగుపెట్టినందుకే
మా సంగీతం టీచరు
తాళం నా మోకాలి మీద వేసేది.

టీ తాగుతూ అడిగాను,
వీటిలో నువ్వు బాగా చూసిన ఊరేదని.
"వల్పరైసో," అంది. "వెళ్లలేదు.
కొండల్లో బస్సు చెడిపోయింది. పదకొండు గంటలు.
రోడ్డు పక్క ఇంటామె ఉల్లిపాయలు తరిగి
మా అందరికీ చారు కాచింది.
పాటంతా ఆ చారే."
మరి అందులో సముద్రం ఉందే?
"పొంగింది," అంది, నవ్వకుండా.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది.
తొమ్మిదో పాటకి మాటల్లేవు.
కెటరింగ్ నుంచి బ్రూనీ దీవికి
ఇరవై నిమిషాల పడవ,
పుట్టినప్పటి నుంచీ వెయ్యిసార్లు ఎక్కిందట,
ఒక్క వాక్యమూ కుదరలేదట.
ఊరికే గొంతులో ఊపిరి
రేవు విడిచి, రేవు చేరి.

సగంలో ఉండగా చూరు నీళ్లు
మూల బకెట్‌లో పడటం మొదలైంది.
టప్. చాలాసేపు ఏమీ లేదు. టప్ టప్.
క్లైవ్ అద్దంలోంచి నా వంక చూశాడు, ఆపనా అని.
నేను చెయ్యి ఎత్తలేదు.
అతను మెల్లగా బ్రష్షులు ఒళ్లో పెట్టుకుని
తాళం బకెట్‌కి వదిలేశాడు.