వేడి దారం

నర్సాపురం రేవుకి పోయే దారిలో
ఎరువుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య
మడత మంచమంత వెడల్పు నా దుకాణం.
మిక్సీ మూతలు, ఫ్యాను రెగ్యులేటర్లు, రిమోట్లు,
రొయ్యల చెరువుల మీంచి వచ్చే ఏరియేటర్ రెక్కలు.
విరిగిందేదైనా ముందు నా బల్ల మీద పడాలి,
ఆ తర్వాతే పాత సామాన్లవాడి తక్కెట్లో.

పోయిన చైత్రంలో కొన్నానీ పెన్ను.
సిరా ఉండదు. వెనక నుంచి ప్లాస్టిక్ తీగ దూరిస్తే
ముందు నుంచి కరిగి వస్తుంది
సేమియా పోగంత సన్నంగా.
తెల్ల తీగ మొక్కజొన్న పిండితో చేసిందట,
కరుగుతుంటే కాస్త తీపి వాసన.
నల్లదానిది కంపు, ఫ్యాను అటు తిప్పుకోవాలి.

మొదట్లో వేళ్లూ కాల్చుకున్నాను, పరువూ కాల్చుకున్నాను.
ముత్యాలపల్లి గంగాచలం రెక్కకి తెల్ల తీగతో అతుకేసి
నా అంత పనివాడు లేడనుకుంటే
రోహిణి కార్తె ఎండకి అది కాస్తా వేలాడిపోయింది.
"రెక్క ఉందండి, ఆయ్.
మాగాయ ముక్కలాగ ఊరిందంతే" అన్నాడు.
డబ్బులు వెనక్కి అడగలేదు. అదే ఎక్కువ మండింది.

అప్పట్నించీ నేర్చుకున్నాను.
పగులుని ముందు కత్తిమొనతో ఇంకాస్త తెరవాలి,
పుండు కడిగే ముందు తెరిచినట్టు.
దాని అంచులు కూడా కరిగేదాకా మొన ఆనించి ఆగాలి,
లేకపోతే పోగు పైన పడుకుంటుందే గానీ
లోపలికి దిగదు.
తర్వాత ఆకురాయి, తర్వాత గరుకు కాగితం,
చివర్న చొక్కా అంచుతో ఒక తుడుపు.
ఎవరొచ్చినా ఒకటే మాట: అతుకు కనపడకూడదండి.
ఎలా కనపడదు?
మీ బకెట్టు ఎరుపు వేరు, నా తీగ ఎరుపు వేరు.

ఆషాఢం ముసురులో నూకరత్నం గారొచ్చింది
కళ్లజోడు కాడ విరిగితే.
ముప్పై ఐదేళ్లు లేసు అల్లిన మనిషి,
చూపుడు వేలి కొసన సూది పొడిచిన కాయ.
స్టూలు మీద కూర్చుని
ఒంటికాడ జోడుని చేత్తో పట్టుకుని
చాలాసేపు నా పని చూసింది.
"నువ్వు పూస్తన్నావు గానీ అల్లట్లేదు నాన్నా.
దారం అన్నాక ముడి ఉండద్దూ?"

నవ్వి, పెన్నిచ్చాను.
ఒక చుక్క వదిలి, లాగి, చల్లారేలోపు
పుల్లతో ఎత్తి, కిందనుంచి ఇంకో పోగు దూర్చింది.
గొలుసు కుట్టు.
వేడి దారం ఎంతసేపు దారంగా ఉంటుందో
రెండో ముడికే ఆ వేళ్లకి తెలిసిపోయింది.
నాకు మూడు నెలలు పట్టింది.
నల్ల ఫ్రేము మీద తెల్లటి చిన్న జడ,
ఎదురింటి మేడ మీంచి కూడా కనపడుతుంది.
వంచి చూశాను. ఇంకా వంచాను.

"దీనికి కట్టకెంతిస్తారు?" అంది.
లేసు షావుకార్లు దారం కట్టల్లో కట్టే లెక్క అది.
నాకు జవాబు తెలీలేదు, ఇప్పటికీ తెలీదు,
అణాపైసల్తో సహా సగం ఇస్తున్నాను.

మంగళవారం, శుక్రవారం వస్తుంది.
గంగాచలం రెక్కకి నల్ల తీగతో చేపముల్లు కుట్టేసింది,
ఒక పట్టుబడి దాటింది, ఇంకా తిరుగుతోంది.
రిమోటు తెచ్చినాయన మాత్రం
"ఇదేంటండి, పసిపిల్ల జడలాగ" అని
పది రూపాయలు తగ్గించుకుని వెళ్లాడు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది, సగం ముడిలో.
పోగు పెన్ను నోట్లోనే గడ్డకట్టింది.
నేను సబ్‌స్టేషనుని తిడుతున్నాను.
ఆమె పెన్ను కింద పెట్టలేదు.
"ఉండు. ముడి మధ్యలో వదలకూడదు."
రేవులో పంటు కూత వేసింది, ఆఖరిది.
చీకట్లో ఎర్ర బకెట్టుకీ ఆమె చేతికీ మధ్య
జానెడు పోగు
చల్లగా, తెగకుండా.